సైట్ వచ్చిందా? షాపుకి పోకముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

మన దగ్గర కంటికి ఏమొచ్చినా ఒకటే మాట, "సైట్ వచ్చింది". బోర్డు కనపడని పిల్లాడికీ సైటే, సూదిలో దారం ఎక్కించలేని అమ్మకీ సైటే, షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు పాడైన మామకీ సైటే. తర్వాత జరిగేదీ ఒకటే. బజారులో ఏదో ఒక ఆప్టికల్స్‌కి పోవడం, మిషన్ మీద గడ్డం పెట్టడం, చీటీ రాగానే ఫ్రేమ్ ఏరుకోవడం. మొదటి ఇద్దరికీ అది సరిపోతుందేమో గానీ, మూడో మనిషికి మాత్రం ఆ అద్దాలు అలవాటవుతాయేమో అని చూస్తూ కూర్చున్న ఆర్నెల్లే పెద్ద నష్టం. నేను చాలా ఏళ్లుగా తిరుపతిలో కళ్లు పరీక్షించే పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, మసకల్లో రకాలుంటాయి, మీది ఏ రకమో సగం మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. దానికి కావాల్సింది పెద్దవాళ్ల రీడింగ్ గ్లాస్, ఒక అట్టముక్క, గుండుసూది, టైలర్ టేపు, అంతే. పవర్ మీరే వేసుకోమని కాదు, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

ముందు గోడ మీద చూడండి

బయట ఎండ బాగా కాస్తున్నప్పుడు గదిలో లైట్లు ఆర్పేసి ఒక్క కిటికీ మాత్రం తెరిచి పెట్టండి. ఎదురు గోడ తెల్లగా లేకపోతే క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించండి. నాన్నదో అత్తదో చదువుకునే అద్దాలు, ప్లస్ రెండు ప్రాంతంలో ఉన్నవి తీసుకుని, ఒక అద్దాన్ని దాదాపు గోడకి ఆనించి, అక్కడి నుంచి మెల్లగా కిటికీ వైపు జరుపుతూ రండి. మొదట్లో ఏమీ ఉండదు, వట్టి తెల్లటి మరక. అర మీటరు దూరం దగ్గరికి వచ్చేసరికి బయటి కొబ్బరిచెట్టు, ఎదురింటి వాటర్ ట్యాంకు, కరెంటు తీగలు రంగులతో సహా గోడ మీద తలకిందులుగా నిలబడతాయి. చెట్టు ఊగుతుంటే గోడ మీదా ఊగుతుంది. పిల్లలుంటే అద్దం వాళ్ల చేతికే ఇవ్వండి, మీకు మళ్లీ తిరిగి రాదు.

ఇంకొంచెం ముందుకు జరిపితే బొమ్మ చెదిరిపోతుంది, గోడ వైపు జరిపినా చెదిరిపోతుంది. నిలిచేది ఒక్క దూరంలోనే. ప్లస్ రెండుకి 50 సెంటీమీటర్లు, ప్లస్ నాలుగైతే 25. వందని పవర్‌తో భాగిస్తే ఆ దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఆ పవర్‌ని కొలిచే అంకెకి పేరే డయాప్టర్, ఇంతకంటే పెద్ద లెక్కేం లేదు.

కంట్లో జరిగేదీ అచ్చం ఇదే. ముందు నల్లగుడ్డు మీద గాజులా మెరుస్తూ ఉండే పొర కార్నియా, దాని వెనక కంటిపాప చిల్లు, ఆ చిల్లు వెనక లెన్స్, చిట్టచివర గోడ స్థానంలో రెటీనా. అన్నీ కలిపి కంటి పవర్ దాదాపు 60 డయాప్టర్లు, అంటే మీ చేతిలో ఉన్న అద్దానికి ముప్పై రెట్లు. అందులో మూడింట రెండు వంతులు కార్నియాదే. చాలామంది లెన్స్ ఒక్కటే ఫోకస్ చేస్తుందనుకుంటారు, కానీ పెద్ద పని ముందు పొరే చేసేస్తుంది, లెన్స్ చేసేది ఆ మిగిలిన సర్దుబాటు. కాకపోతే ఆ సర్దుబాటు లేకపోతే చదవలేం. బొమ్మ తలకిందులుగా పడటం గురించి బెంగ అక్కర్లేదు, దాన్ని మెదడు చూసుకుంటుంది.

ఇప్పుడు మళ్లీ గోడ దగ్గరికి రండి. బొమ్మ సరిగ్గా నిలిచిన చోటు నుంచి అద్దాన్ని కిటికీ వైపు ఒక జానెడు జరిపితే, అద్దానికి గోడ దూరమైపోయింది, బొమ్మ గోడకంటే ముందే గాలిలో ఏర్పడి, గోడ చేరేసరికి చెదిరిపోయింది. మైనస్ సైట్, అంటే హ్రస్వదృష్టి ఇదే, కనుగుడ్డు ఉండాల్సినదానికంటే పొడుగు. అద్దాన్ని గోడ వైపు జరిపితే ప్లస్ సైట్, గుడ్డు పొట్టి. పెద్దవాళ్ల కనుగుడ్డు పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, మైనస్ రెండున్నర, మూడు దాకా వచ్చేస్తుంది. అందుకే పొడుగైపోయిన కంటిని ఏ క్యారెట్ జ్యూసూ, ఏ కంటి వ్యాయామమూ మళ్లీ పొట్టిగా చెయ్యలేవు. విటమిన్ ఎ తక్కువైన పిల్లలకి రేచీకటి వస్తుంది, దానికి క్యారెట్టూ మునగాకూ నిజంగానే పనికొస్తాయి, మైనస్ పవర్‌తో వాటికి సంబంధం లేదు.

సిలిండర్ పవర్ అని చీటీలో రాస్తారే, అది వేరే సంగతి. కార్నియా క్రికెట్ బంతిలా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉండాలి. అది పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఒక వైపు ఎక్కువ వంపు, ఇంకో వైపు తక్కువ వంపు ఉంటే, నిలువు గీతలు ఒక చోట, అడ్డ గీతలు ఇంకో చోట ఫోకస్ అవుతాయి. ఇది రోగమేమీ కాదు, చాలామందికి కొద్దో గొప్పో ఉంటుంది. ఇంగ్లండులో థామస్ యంగ్ అనే ఆయన 1801లోనే తన కంట్లో ఉన్న సిలిండర్‌ని తానే కొలుచుకుని రాసిపెట్టాడు.

గోడ దగ్గర ఇంకొక్క పని మిగిలింది. బొమ్మ చెదిరి ఉన్నప్పుడు, పెన్ను దూరేంత చిల్లు పెట్టిన కాగితాన్ని అద్దం ముందు అడ్డం పెట్టండి. వెలుతురు తగ్గిపోతుంది కానీ బొమ్మ గీతలు తేలతాయి. చిల్లు గుండా సన్నటి కిరణాలే వస్తాయి కాబట్టి ఫోకస్ తప్పినా చెదరడానికి చోటుండదు. సైట్ ఉన్నవాళ్లు కళ్లు చికిలించి చూసేది ఇందుకే. ఈ చిల్లు సంగతి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

రాత్రి మిద్దె ఎక్కి గాలిగోపురం వైపు

తిరుపతిలో ఉండేవాళ్లకి కొండ మీదే పెద్ద ఐ చార్ట్ ఉంది. రాత్రిపూట గాలిగోపురం దగ్గర శంఖం, నామం, చక్రం లైట్లు ఊళ్లోంచి కనపడతాయి కదా, మబ్బు లేని రోజు మిద్దె ఎక్కి అటు చూడండి. చూసే పద్ధతి మాత్రం ఇది, ఒక కన్ను అరచేత్తో మూసి (వేళ్లతో కాదు, సందుల్లోంచి చూసేస్తాం, నొక్కనూ కూడదు) రెండో కన్నుతో చూడాలి, తర్వాత చెయ్యి మార్చాలి. మన ఇళ్లల్లో ఎవరూ చెయ్యనిది ఇదొక్కటే. రెండు కళ్లతో చూసినంతకాలం మంచి కన్ను చెడ్డ కన్నుని దాచిపెట్టేస్తుంది. దుమ్ము పడి అనుకోకుండా ఒక కన్ను మూసినప్పుడు "అయ్యో, రెండోదాంట్లో ఏమీ లేదే" అని కనిపెట్టినవాళ్లు వారానికి ఒకరైనా మా కుర్చీలో కూర్చుంటారు.

మైనస్ ఉన్న కంటికి ఆ లైట్లు ఉబ్బి, ఒక్కో దీపం గుండ్రటి మచ్చలా పెద్దదై, నామం గీతలు కలిసిపోయి తెల్లటి ముద్దలా కనపడుతుంది. సిలిండర్ ఉన్న కంటికి ప్రతి దీపానికీ ఒకే వైపు తోకలాగా గీత సాగుతుంది. తలని పక్కకి వంచి చూడండి, ఆ గీత కూడా మీతోపాటే వంగితే తేడా మీ కంట్లోనే ఉన్నట్టు. దీపం చుట్టూ పొగమంచు పట్టినట్టు వెలుగు చిమ్ముతూ ఉంటే, ఎదురొచ్చే బండి లైటుకి రోడ్డే కనపడకపోతే, వయసు యాభై దాటి ఉంటే, శుక్లం మొదలైందేమో చూపించుకోవాలి. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లు సెల్ టవర్ మీద ఎర్ర లైటుతో ఇదే చెయ్యొచ్చు, ఏ లోటూ లేదు.

పగటిపూటైతే బస్టాండే చాలు. వస్తున్న బస్సు బోర్డు మీద పీలేరో పాకాలో మీ పక్కనున్నవాళ్లు చదివేసినా మీకు ఇంకా తెలియకపోతే అనుమానించాల్సిందే. ఆసుపత్రిలో అక్షరాల చార్ట్ 6 మీటర్ల దూరంలో పెడతారు, 1862లో హెర్మన్ స్నెలెన్ అనే డచ్ డాక్టర్ పెట్టిన పద్ధతి. 6/6 అంటే మామూలు కన్ను 6 మీటర్ల నుంచి చదివేది మీరూ 6 నుంచి చదివారని. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదవగలిగే పై పెద్దక్షరం చదవడానికి మీరు 6 మీటర్ల దాకా రావాలని.

ఇప్పుడు చిల్లు. అట్టముక్కకి గుండుసూదితో పొడిచి, సూదిని కొంచెం తిప్పి ఒక మిల్లీమీటరు చిల్లు చెయ్యండి. మసకగా కనపడుతున్న బోర్డునో క్యాలెండర్‌నో ఒక కన్ను మూసి, ఆ చిల్లు కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూడండి. అక్షరాలు తేలితే, మీ మసక చాలావరకు ఫోకస్ తప్పడం వల్ల వచ్చినదే, అద్దాలతో పోతుంది. చిల్లులోంచి చూసినా తేలకపోతే, లేదా ఇంకా అధ్వాన్నమైతే, గొడవ కంటి లోపల ఎక్కడో ఉంది, లెన్స్‌లోనో రెటీనాలోనో నరంలోనో, అప్పుడు ఆప్టికల్స్ షాపుకి కాదు నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే పోవాలి. ఇది నూటికి నూరు పాళ్లు తేల్చే పరీక్ష కాదు. కానీ ఖర్చు లేని పరీక్షల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి నాకు తెలియదు, మేము కూడా నల్లటి ప్లాస్టిక్ పలకకి చిల్లులు పెట్టి ఇదే చేస్తాం.

మైనస్ ఉన్నవాళ్లు టేపుతో ఒక లెక్క చూసుకోవచ్చు. అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసి, పేపర్లో సన్నక్షరాలు కంటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా దూరం జరపండి. అక్షరం అంచు చెదరడం మొదలైన చోట ఆపి, కంటి నుంచి పేపరు దాకా కొలిపించండి. 50 సెంటీమీటర్లు వస్తే సుమారు మైనస్ రెండు, 33 వస్తే మూడు, 25 వస్తే నాలుగు. మళ్లీ అదే వందని భాగించడమే. సిలిండర్ ఎక్కువుంటే ఈ లెక్క తప్పుతుంది, దీన్ని పట్టుకుని ఆన్‌లైన్లో అద్దాలు ఆర్డర్ పెట్టకండి. చీటీలో మైనస్ ఆరు రాసి, టేపు మీద 50 వస్తే మాత్రం ఇంకోసారి చూపించుకోవాల్సిందే.

చీటీలో ఏముంటుంది

ఆర్‌ఈ కుడి కన్ను, ఎల్‌ఈ ఎడమ కన్ను. కొందరు పాత పద్ధతిలో ఓడీ, ఓఎస్ అని రాస్తారు, అదీ కుడి, ఎడమే. ఎస్‌పీహెచ్ కింద అసలు పవర్, సీవైఎల్ కింద సిలిండర్, యాక్సిస్ కింద ఆ సిలిండర్ ఏ కోణంలో ఉందో 1 నుంచి 180 దాకా ఒక అంకె. యాడ్ అంటే దగ్గరికి చదవడానికి కలపాల్సిన ప్లస్. పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో, పెద్దవాళ్లకి అరవైకి కొంచెం అటూఇటూ ఉంటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ పవర్ ఎక్కువయ్యేకొద్దీ అద్దం మధ్యభాగం పాపకి ఎదురుగా లేకపోతే తలనొప్పి ఖాయం.

రెండు చోట్ల చూపిస్తే రెండు రకాలుగా రాశారని గొడవపడే వాళ్ల కోసం ఇది. ఒక చీటీలో మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ 90 అని, ఇంకోదాంట్లో మైనస్ 2.00, సిలిండర్ ప్లస్ 1.00, యాక్సిస్ 180 అని ఉందనుకోండి. రెండూ ఒకటే అద్దం. మొదటి రెండు అంకెలూ కలిపితే కొత్త పవర్, సిలిండర్ గుర్తు తిరగేస్తే కొత్త సిలిండర్, యాక్సిస్ 90 డిగ్రీలు తిరుగుతుంది. లెక్క వేసుకుని చూస్తే సరిపోతుంది, ఎవరినీ తిట్టుకోనక్కర్లేదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన గడి ఇంకోటి ఉంది, అద్దాలు పెట్టాక చూపు ఎంత వచ్చింది అన్నది. అక్కడ 6/6 ఉంటే సరే. మంచి అద్దం పెట్టినా 6/12 దగ్గరే ఆగిపోయిందని రాసి ఉంటే, "ఎందుకు ఆగింది?" అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా ఫ్రేమ్ చూపిస్తే, లేచి డాక్టర్ దగ్గరికి పోండి.

కొత్త జోడు వచ్చాక షాపులోనే చూసుకోండి. అద్దాన్ని చేతిలో పట్టుకుని, దాని గుండా ఎదురుగా తలుపు అంచుని చూస్తూ అద్దాన్ని పక్కకి జరిపితే, అంచు అద్దంతోపాటే కదిలితే మైనస్, ఎదురు దిక్కుకి కదిలితే ప్లస్. జోడుని స్టీరింగ్‌లా తిప్పినప్పుడు అంచు అద్దం లోపల వంకర పోతే సిలిండర్ వేశారన్నట్టు. చీటీలో సిలిండర్ ఉండి అద్దంలో లేకపోతే అక్కడే తెలిసిపోతుంది. కొత్త సిలిండర్‌తో నేల ఏటవాలుగా అనిపించడం, మెట్లు దిగేటప్పుడు తడబడటం మామూలే, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. రెండు వారాలైనా తల తిరుగుతుంటే ఓర్చుకోకండి, పోయి యాక్సిస్ సరిగ్గా వేశారా అని అడగండి.

నలభై దాటినవాళ్లకి

దూరం చూసేటప్పుడు కంట్లో లెన్స్ చుట్టూ ఉన్న కండ వదులుగా, విశ్రాంతిగా ఉంటుంది. దగ్గరికి చూడగానే ఆ కండ బిగుసుకుంటుంది, లెన్స్‌ని పట్టి లాగే సన్నటి దారాలు వదులవుతాయి, లెన్స్ ఉబ్బి పవర్ పెరుగుతుంది. పదేళ్ల పిల్లాడు ఇలా 12 డయాప్టర్ల దాకా పెంచుకోగలడు, అందుకే ముక్కు దగ్గర పెట్టుకుని కూడా చదివేస్తాడు. వయసు పెరిగేకొద్దీ లెన్స్ గట్టిపడుతుంది, నలభై దగ్గరికి ఆ శక్తి నాలుగైదుకి వస్తుంది, యాభైకి రెండు మిగిలితే గొప్ప. పేపరు 40 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చదవడానికే రెండున్నర కావాలి. చత్వారం అందరికీ వచ్చేది, ముసలితనానికి సాక్ష్యమేమీ కాదు, దాచుకుని సెల్‌ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం పట్టుకోవడం వల్ల లాభం లేదు. "నాకు చూపు బాగుంది, చేతులే పొట్టిగా ఉండాయి" అని మా దగ్గర ఒక పెద్దాయన నవ్వుతా అనేవాడు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, చత్వారం అద్దం వయసుని బట్టి కాదు, మీరు చేసే పని దూరాన్ని బట్టి ఉండాలి. శ్రీకాళహస్తిలో బట్ట మీదకి వంగి కలంకారీ గీతలు గీసే మనిషికి 33 సెంటీమీటర్లు కావచ్చు, అంటే మూడు డయాప్టర్ల పని. కంప్యూటర్ ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చునేవాళ్లకి ఒకటీ ముప్పావు కూడా ఉండదు. ఇద్దరికీ వయసు 50 అని ఒకే ప్లస్ రెండు రాసేస్తే ఒకరికి చాలదు, ఇంకొకరు మెడ ముందుకు సాచి కూర్చుంటారు. కాబట్టి పరీక్షకి పోయేటప్పుడు మీ పని దూరం టేపుతో కొలిపించుకుని పోండి, "నేను ఇంత దూరంలో కుడతాను, నాకు ఇక్కడ కనపడాలి" అని చెప్పండి. ఫుట్‌పాత్ మీద దొరికే రెడీమేడ్ రీడింగ్ గ్లాసుల్ని నేను తప్పనను, రెండు కళ్లకీ ఒకే పవర్ ఉండి, సిలిండర్ లేకపోతే అవి వాడుకోవచ్చు, వాటితో కన్ను పాడవదు. కానీ నలభైలో ఒక్కసారైనా అసలు పరీక్ష చేయించుకోకుండా వాటితో సరిపెట్టుకుంటే, కంటి ప్రెషర్ ఎవరు చూస్తారు?

పిల్లల దగ్గర తొందర వద్దు, ఆలస్యమూ వద్దు

టీవీకి దగ్గరగా కూర్చోవడం, పుస్తకం మీద ముక్కు ఆనించడం, పక్క పిల్లాడి నోటు చూసి రాసుకోవడం, తల ఒక వైపు వంచి చూడటం, వీటిలో ఏది కనపడినా చూపించాల్సిందే. ఏమీ కనపడకపోయినా బడిలో వెయ్యకముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చూపించండి. కారణం ఉంది. ఒక కంటికి ఎక్కువ పవర్ ఉండి రెండోది బాగుంటే పిల్లాడు ఎప్పటికీ ఫిర్యాదు చెయ్యడు, మంచి కంటితో బతికేస్తుంటాడు. మసక బొమ్మే అందుతున్న కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది, దాన్నే మందకన్ను అంటారు. ఏడెనిమిదేళ్లలోపు అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అదే పని కష్టమైపోతుంది. ఇంట్లో పరీక్ష సులువు, ఆటలా ఒక కన్ను మూసి దూరంగా ఉన్న బొమ్మ పేరు చెప్పమనండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, ఇంకో కన్ను మూయగానే చెయ్యి తోసేసి ఏడిస్తే, ఆ తెరిచి ఉన్న కన్ను సరిగ్గా లేదు.

కంప్యూటర్ చెకప్ అని మిషన్ కాగితం చేతిలో పెడతారే, పిల్లల విషయంలో దాన్ని అసలు నమ్మకండి. ఇందాక చెప్పిన 12 డయాప్టర్ల శక్తి ఉంది చూడండి, మిషన్ లోపల బొమ్మని చూడగానే పిల్లాడి కన్ను తనంతట తానే పవర్ పెంచేసుకుంటుంది, లేని మైనస్ చూపిస్తుంది, ఉన్న ప్లస్‌ని దాచేస్తుంది. అందుకే చుక్కల మందు వేసి, ఆ కండని కాసేపు పని చెయ్యనివ్వకుండా చేసి, అప్పుడు చూడాలి. "చుక్కలు వేస్తే కంటిపాప పెద్దదై రెండ్రోజులు ఎండ చూడలేడు, వద్దులే మేడమ్" అని తప్పించుకునే అమ్మానాన్నలు చాలామంది. ఆ రెండ్రోజుల కష్టం మిగుల్చుకుని రెండేళ్లు తప్పు అద్దాలు పెట్టించడంలో అర్థం లేదు. మెల్లకన్ను ఉన్న పిల్లల్లో కొందరికి అసలు కారణం దాగి ఉన్న ప్లస్ పవరే, అద్దాలు పెట్టగానే కన్ను నేరుగా వచ్చేస్తుంది, ఆపరేషన్ కూడా అక్కర్లేదు.

అద్దాలు పెడితే సైట్ ఇంకా పెరుగుతుందని ఒక భయం. కనుగుడ్డు పొడుగు పెరగడం వల్ల పెరుగుతుంది తప్ప అద్దాల వల్ల కాదు, పెరిగే వయసులో అది పెట్టినా పెరుగుతుంది, పెట్టకపోయినా పెరుగుతుంది. పవర్ కావాలని తగ్గించి రాయించుకుంటే పెరగదనేదీ అంతే, అలా ఇచ్చి చూసినప్పుడు ఏ మేలూ జరగలేదు. ఇక ఆడపిల్లకి అద్దాలుంటే పెళ్లి కాదని పదో తరగతి దాకా బోర్డు కనపడకుండా కూర్చోబెట్టేవాళ్లకి నేను మర్యాదగా చెప్పగలిగింది ఏమీ లేదు.

నిజంగా పనికొచ్చేది బయట వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్లో కొన్ని బడుల వాళ్లకి రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా మైనస్ వస్తే, బయటికి పంపిన బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. ఎండ వెలుతురులో రెటీనాలో డోపమైన్ విడుదలై కనుగుడ్డు సాగడాన్ని నెమ్మదింపచేస్తుందని అనుకుంటున్నారు. మన ఎండల్లో మిట్టమధ్యాహ్నం పంపమని కాదు, పొద్దున బడికి ముందు, సాయంత్రం ట్యూషన్‌కి ముందు గంట గంట చొప్పున చాలు, చెట్టు నీడలోనైనా పర్వాలేదు. ట్యూబ్‌లైట్ కంటే అక్కడి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. పవర్ ఏటేటా ఎగబాకే పిల్లలకి రాత్రిపూట పలుచటి ఆట్రోపిన్ చుక్కలు కూడా ఇస్తున్నారు, అది డాక్టర్ చూసుకోవాల్సింది.

స్క్రీన్ నుంచి వచ్చే నీలి వెలుతురుని ఆపుతాయని అమ్మే బ్లూ కట్ అద్దాల గురించి అందరూ అడుగుతారు. వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనపడలేదని 2023లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కొక్రేన్ అనే సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి తేల్చారు. స్క్రీన్ ముందు కళ్లు మండేది ఎక్కువగా రెప్ప కొట్టడం మర్చిపోవడం వల్ల. ఆ డబ్బు మిగుల్చుకోండి.

అద్దాలతో పోని మసక

డెబ్బై ఏళ్ల అవ్వ ఒకావిడ సంతోషంగా వచ్చి, "నాకు కళ్లు మళ్లీ వచ్చినాయి నాయనా, జోడు లేకుండానే పేపరు చదవతా ఉండా" అంది. ఇంట్లో వాళ్లు దేవుడి దయ అనుకున్నారు. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి లెన్స్ మధ్యభాగం గట్టిపడి పవర్ పెరిగి, కన్ను మైనస్ వైపు జరుగుతుంది, దానివల్ల దగ్గరిది కొన్నాళ్లు తేటగా కనపడుతుంది, అదే సమయంలో దూరపు చూపు పడిపోతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా "చూపు తిరిగొస్తే" శుక్లం పరీక్ష చేయించండి. ఏడాదిలో రెండుమూడు సార్లు పవర్ మారుతున్నా అదే అనుమానం. శుక్లానికి చుక్కల మందు లేదు, ఆపరేషనే. మసకబారిన లెన్స్ తీసేసి కృత్రిమ లెన్స్ పెడతారు, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టిన పద్ధతి. యుద్ధంలో విమానం అద్దానికి వాడిన ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని ఉండిపోయినా కన్ను వాటిని సహించడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. ఆ లెన్స్ ఉబ్బదు, అందుకే దూరానికి సరిపోయేలా పెడితే ఆపరేషన్ తర్వాత చదవడానికి అద్దాలు కావాలి. ఆపరేషన్ చెడిపోయిందని అనుకోకండి.

షుగర్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. షుగర్ బాగా పెరిగినప్పుడు లెన్స్ నీరు పట్టి పవరే మారిపోతుంది, అప్పుడు చేయించుకున్న జోడు షుగర్ అదుపులోకి వచ్చాక పనికిరాదు. కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు రాయించుకోండి. రెండోది, చూపు బాగున్నా సరే ఏడాదికోసారి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి, మచ్చలు మొదలైన చాలాకాలం దాకా మనిషికి ఏమీ తెలియదు. నీటికాసులూ (గ్లకోమా) అంతే, నొప్పి లేకుండా చుట్టుపక్కల చూపుని కొరుక్కుంటూ పోతుంది, పోయినది తిరిగి రాదు. కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది, ఆ లోపల ఉన్నా నరం పాడయ్యేవాళ్లున్నారు కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఉంటే నలభై నుంచే నరం కూడా చూపించుకోండి.

కుర్రవాళ్లలో, ముఖ్యంగా దుమ్ముకీ ఎండకీ కళ్లు దురద పెట్టి పొద్దస్తమానం నలుపుకునేవాళ్లలో, ఆర్నెల్లకోసారి సిలిండర్ పెరుగుతూ పోతుంటే అది కెరటోకోనస్ కావచ్చు, కార్నియా పలచబడి ముందుకు పొడుచుకు రావడం. స్కాన్ చేసి తొందరగా పట్టుకుంటే కార్నియాని గట్టిపరిచే క్రాస్ లింకింగ్ అనే చికిత్సతో ఆపుతారు. ఆ దురదకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే వెంటనే హాయిగా ఉంటుంది, నెలల తరబడి వేసుకుంటే ప్రెషర్ పెరుగుతుంది, చిన్న వయసులోనే శుక్లం వస్తుంది. పొలం పనుల్లో ఎండకి తిరిగేవాళ్లకి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదకి కండ పెరుగుతుంది, అది కార్నియాని లాగి సిలిండర్ తెస్తుంది. కండకి గానీ పువ్వుకి గానీ దేనికైనా సరే కంట్లో పసరు పోయించుకోవద్దు, కార్నియాకి పుండు పడితే అక్కడ మిగిలే తెల్ల మచ్చని ఏ అద్దమూ తియ్యలేదు.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. కంట్లో మెరుపులు మెరిసి, ఉన్నట్టుండి నల్ల చుక్కలు వాన కురిసినట్టు పడటం, ఒక పక్క నుంచి తెర దిగినట్టు ఉండటం, చూపు ఒక్కసారిగా పోవడం, కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులతో లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనపడటం. బాత్రూం టైల్స్ గీతలు ఒక కంటికి వంకరగా కనపడినా రెటీనా మధ్యభాగం చూపించాలి. వీటికి ఆ రోజే బయల్దేరండి.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ వాళ్ల ఆసుపత్రి కూడా ఉంది (మధురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన సంస్థ), చిత్తూరు వాళ్లకి జిల్లా ఆసుపత్రి దగ్గర. ఎక్కడికి పోయినా పాత జోడు, పాత చీటీ, షుగర్ రిపోర్టు, వాడుతున్న చుక్కల సీసాలు వెంట తీసుకుపోండి. పాత పవర్ తెలియకుండా కొత్తది ఎంత మారిందో ఎవరూ చెప్పలేరు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ఎన్ని రోజుల ముందు తీసెయ్యాలో ఫోన్ చేసి అడగండి. పాప పెద్దది చేసే చుక్కలు వేశాక పెద్దవాళ్లకి నాలుగైదు గంటలు దగ్గరిది మసకగా ఉంటుంది, ఎండ చుర్రుమని గుచ్చుకుంటుంది, కాబట్టి టోపీనో నల్లద్దాలో సంచిలో వేసుకుని, బండి ఇంట్లోనే పెట్టేసి, తోడు ఒకరిని తీసుకుని బస్సులోనో ఆటోలోనో పోండి.